ఒకమారు చాలునన్న ఉపాధ్యాయుడు: హెన్రీ వాట్సన్ ఫౌలరు చరిత్రము

పాఠశాల తెఱచిన క్రొత్తలో మా తొమ్మిదవ తరగతి విద్యార్థులను తమ దినచర్యను గూర్చి ఇంగ్లీషున ఒక చిన్న వ్యాసము వ్రాయుమని చెప్పుట మా వాడుక. నలుబది పుస్తకములు మా బల్లమీదికి వచ్చును. వానిలో సగమునకు పైగా ఒకే వాక్యముతో మొదలగును: ఎవ్రీ డే ఐ డైలీ గెట్ అప్ ఎట్ ఫైవ్ ఓ క్లాక్. కొందఱు ఇంతటితో తృప్తిచెందక యూజువల్లీ అను మాటను గూడ నడుమ నిలుపుదురు. ప్రతిదినమును లేచెదనని ఒకమారు, దినదినమును లేచెదనని మఱియొకమారు చెప్పి, అటుపిమ్మట సాధారణముగా లేచెదననుటచేత మొదటి రెండు మాటలను మూడవ మాట కొంతవఱకు కొట్టివేయుచున్నదని ఆ బాలునకు తోచదు. అతని తల్లి నడిగినచో ఆ మూడు మాటలలో ఒకటియు నిజము కాదని చెప్పవచ్చును గాని అది వేఱు సంగతి.

మేము ఈ వృత్తిలో ప్రవేశించిన మొదటి సంవత్సరములలో ఇట్టి వాక్యము కనబడినంతనే ఎఱ్ఱసిరాతో ఒక మాటను కొట్టివేసి ఊరకుండెడివారము. ఏల కొట్టితిమో పిల్లలకు చెప్పెడివారము కాము. అది మాకును సరిగా తెలియదు. శిక్షణ కళాశాలలో మేము నేర్చుకొనినది తప్పును గుర్తించుటయే గాని దాని వేరును త్రవ్వి చూచుట కాదు. కొంతకాలమునకు ఒక గ్రంథము మా చేతికి వచ్చెను. దానిని వ్రాసినవాడును మావలెనే బడిపంతులు. కొండలనడుమ ఒక చిన్న ఊరిలో 17 సంవత్సరములు పిల్లలకు పాఠములు చెప్పినవాడు. ఆయన చరిత్రమును ఈ సంచికలో మా విద్యార్థులకు తెలుపదలచితిమి.

అంతకుముందు ఒక్క మాట. ఈ తప్పు మా పిల్లల మందబుద్ధివలన పుట్టినది కాదు. వారి మాతృభాషలోని ఒక గుణమువలన పుట్టినది. తెలుగున మనము ఒక మాటను రెండుమారులు పలికి క్రొత్త అర్థమును తెచ్చుకొందుము. అప్పుడు, అప్పుడు అను రెండును కలిసి అప్పుడప్పుడు అగును. అది ఒక సమయమును గాక కొన్ని కొన్ని వేళలను తెలుపును. ఏటేట, మాటిమాటికి, ఇంటింట, ఎప్పుడెప్పుడు అనునవి అట్టివే. రెండవమారు పలికిన రూపమునకు మన వైయాకరణులు ఆమ్రేడితమని పేరుపెట్టిరి. తెలుగు పండితులవారు ఆమ్రేడితసంధిని బోధించునాడు ఈ మాటలను బల్లపై వ్రాయుదురు. ఆ పండితులవారే మఱియొకనాడు కావ్యదోషములను చెప్పుచు పునరుక్తి దోషమని బోధింతురు. మొదటిదానిలో రెండవ మాట పనిచేయును; రెండవదానిలో అది ఊరక కూర్చుండును. ఇంగ్లీషున సమ్‌టైమ్స్, ఆఫెన్, ఆల్వేస్ అను మాటలు ఒంటరిగనే తమ పనిని నెఱవేర్చును. తెలుగు అలవాటుచొప్పున వానికి జతను వెదకుటచేతనే డైలీకి ఎవ్రీ డే తోడగుచున్నది.

ఇక చరిత్రము. హెన్రీ వాట్సన్ ఫౌలరు 1858వ సంవత్సరము మార్చి నెల 10వ తేదీన ఇంగ్లండు దేశమున కెంటు మండలములోని టన్‌బ్రిడ్జి పట్టణమందు జన్మించెను. తండ్రి రాబర్టు ఫౌలరు క్రైస్తవ గురువు, ఉపాధ్యాయుడు గూడను. ఎనమండుగురు బిడ్డలలో హెన్రీ జ్యేష్ఠుడు. రగ్బీ పాఠశాలలో గ్రీకు, లాటిను భాషలను చక్కగా అభ్యసించి 1877లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునందలి బాలియల్ కళాశాలలో ప్రవేశించెను. రెండేండ్లు గడచునంతలో 1879లో తండ్రి మరణించెను. అప్పటికి హెన్రీకి 21 ఏండ్లు. తమ్ముల భారమును చెల్లెలి భారమును జ్యేష్ఠునిపై బడెను. ఇట్టి స్థితి ఎట్లుండునో మా విద్యార్థులలో కొందఱికి మేము చెప్పనక్కఱలేదు. ఆయన ఆక్స్‌ఫర్డు పరీక్షలలో రెండవ తరగతియందే ఉత్తీర్ణుడయ్యెను. దైవశాస్త్ర పరీక్షలో తప్పుటచేత పట్టము 1886 వఱకు చేతికి రాలేదు. పాదిరి కుమారుడు దైవశాస్త్రమున తప్పుట వింతగా తోచును. తరువాతి కథకు అది మొదటి సూచన కావచ్చును.

చదువు ముగిసిన పిదప స్కాట్లండులోని ఎడింబరో నగరమున ఫెట్టిసు కళాశాలయందు కొద్దికాలము పనిచేసి, 1882లో ఆనాటి యార్కుషైరు మండలములోని సెడ్‌బర్ పాఠశాలలో చేరెను. అచ్చట లాటిను, గ్రీకు, ఇంగ్లీషు బోధించెను. విద్యార్థులు ఆయనను గౌరవించిరి గాని ఆయనతో చనువుగా నుండజాలకపోయిరి. ఆయన మితభాషి; తనను గూర్చి ఇతరులతో చెప్పుకొనువాడు కాడు. పొగాకు విశేషముగా కాల్చుటచేత బాలురు ఆయనకొక పరిహాసనామము పెట్టుకొనిరి. అది ఆయన చెవిని బడనేలేదట. మా విద్యార్థులు మాకు పెట్టిన పేరు మాత్రము మా చెవిని బడినది.

సెడ్‌బర్‌లో విద్యార్థులు గృహములుగా విభజింపబడి, ఒక్కొక్క గృహమునకు ఒక్కొక్క ఉపాధ్యాయుడు అధ్యక్షుడుగా నుండెను. అది గౌరవమును ఆదాయమును గల పదవి. ఫౌలరునకు ఆ పదవి ఒకటికంటె ఎక్కువమారులు లభింపనుండెను. అయితే గృహాధ్యక్షుడు తన బాలురను క్రైస్తవ సంఘమున దృఢీకరణ సంస్కారమునకు సిద్ధపఱుపవలయును. ఫౌలరునకు దైవవిశ్వాసము లేదు. ఆయన ఆ సంగతిని చాటుకొనువాడు కాడు. ఇతరుల విశ్వాసమును ఎగతాళి చేయువాడును కాడు. కాని తాను నమ్మని విషయమును బాలురకు నమ్మినవానివలె బోధింపజాలనని ప్రధానోపాధ్యాయుడైన హెన్రీ హార్టుగారికి తెలియజేసెను. ఇరువురును ఒకరినొకరు మన్నించుకొనువారే గాని ఈ విషయమున సమాధానము కుదురలేదు. 1899లో ఫౌలరు ఉద్యోగము విడిచెను. అప్పటికి వయస్సు 41 ఏండ్లు. 17 సంవత్సరముల కొలువు అంతటితో ముగిసెను.

ఈ సంగతిని మిషను పాఠశాల పత్రికలో వ్రాయవచ్చునా యని మేము కొంతకాలము ఆలోచించితిమి. మా విశ్వాసము వేఱు, ఆయన అవిశ్వాసము వేఱు. అయినను నమ్మనిదానిని నమ్మితినని పిల్లలయెదుట పలికి జీతము పెంచుకొనుటకంటె, ఉన్న జీతమును వదలుకొనుట మేలని తలచిన బడిపంతులను మేము తక్కువగా చూడజాలము. మఱియు ఈ భాగమును దాటవేసినచో తరువాత ఆయన వ్రాసిన వ్యాకరణము అర్థము కాదు. మాటకు తగిన అర్థము లోపల లేనప్పుడు ఆ మాటను పలుకరాదనుట ఆయన స్వభావము. అది బోధనలో రాజీనామాగా బయటపడెను. వాక్యములో అక్కఱలేని మాటను కొట్టివేయుటగా బయటపడెను. ఈ రెంటికిని వేరు ఒకటే యని మా తలంపు.

లండనులో నాలుగేండ్లు చెల్సీ ప్రాంతమున నివసించి, పత్రికలకు వ్యాసములు వ్రాయుచు, తండ్రివలన సంక్రమించిన కొద్దిపాటి ఆదాయముతో కాలము గడపెను. ఆ వ్యాసములవలన పెద్ద పేరు రాలేదు. 1903లో ఆయన ఫ్రాన్సు తీరమునకు సమీపముననున్న గెర్న్సీ ద్వీపమునకు తరలిపోయెను. తనకంటె 12 ఏండ్లు చిన్నవాడగు తమ్ముడు ఫ్రాన్సిసు జార్జి ఫౌలరు (ఇంటివారికి ఫ్రాంకు) అచ్చట టొమాటోలను పండించుచుండెను. అన్నదమ్ములు ఏబది గజముల దూరమున వేఱువేఱు ఇండ్లు కట్టుకొని, ఒకే బల్లపై పనిచేయువారివలె కలిసి గ్రంథరచన సాగించిరి. మొదట ప్రాచీన గ్రీకు రచయితయగు లూషియను గ్రంథములను ఇంగ్లీషునకు పరివర్తనము చేసిరి. అవి 1905లో నాలుగు సంపుటములుగా ఆక్స్‌ఫర్డు ముద్రణాలయమునుండి వెలువడెను.

మఱుసటి సంవత్సరము, అనగా 1906లో, ది కింగ్స్ ఇంగ్లీష్ అను గ్రంథము వెలువడెను. అంతకుముందు వ్యాకరణకర్తలు తామే కల్పించిన చిన్న వాక్యములను తీసికొని తప్పొప్పులు చూపెడివారు. ఈ అన్నదమ్ములు అట్లు చేయలేదు. ది టైమ్స్ మొదలగు పెద్ద పత్రికలనుండియు, పేరుపొందిన గ్రంథకర్తల పుస్తకములనుండియు వాక్యములను ఏరి, ఎక్కడినుండి తెచ్చిరో చెప్పి, వానిలోని దోషములను విప్పి చూపిరి. ఒక టొమాటో తోటనుండి ఇరువురు అనామకులు లండను సంపాదకుల ఇంగ్లీషును దిద్దుట సామాన్యమైన సాహసము కాదు. ఆ గ్రంథారంభమున వారు అయిదు సలహాలు నిచ్చిరి. వాని సారము మాత్రము చెప్పెదము: అరుదైన మాటకంటె తెలిసిన మాట మేలు, భావమాత్రమును చెప్పు మాటకంటె కంటికి గోచరించు వస్తువును చెప్పు మాట మేలు, చుట్టు తిరుగుడుకంటె ఒక్క మాట మేలు, పొడవుదానికంటె పొట్టిది మేలు, లాటిను సంతతి మాటకంటె దేశీయమైన మాట మేలు. మూడవదియే మా ప్రస్తుత విషయము.

1908వ సంవత్సరము మార్చి 10వ తేదీన, అనగా సరిగా తన 50వ జన్మదినమున, ఫౌలరు జెస్సీ మేరియన్ విల్సు అను ఆమెను వివాహమాడెను. ఆమె ఆయనకంటె నాలుగేండ్లు చిన్నది. వారికి సంతానము లేదు గాని ఆ దాంపత్యము మిక్కిలి అన్యోన్యమైనది.

అటుపిమ్మట అన్నదమ్ములు నిఘంటువు పనిలో దిగిరి. ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు 1884నుండి భాగములుగా వెలువడుచు 1928లో గాని పూర్తికాలేదు. దానిని కుదించి ఒక్క సంపుటము చేయుట వీరికి అప్పగింపబడిన పని. చివరి అక్షరముల భాగములు ఇంకను వెలువడకుండుటచేత అచ్చట వారు స్వంత శ్రమమీదనే ఆధారపడవలసివచ్చెను. పెద్ద గ్రంథాలయములకు దూరముగా, సముద్రమధ్యమున కూర్చుండి ఈ పని చేసిరి. 1911లో కన్సైజ్ ఆక్స్‌ఫర్డు నిఘంటువు ప్రకటింపబడెను. చోటు తక్కువ, చెప్పవలసినది ఎక్కువ. ఒక నిర్వచనములో ఒక్క మాట అదనముగా పడినచో ఇంకొక పదమునకు చోటు పోవును. మాటల పొదుపును ఆయన సిద్ధాంతముగా గాక చేతిపనిగా అభ్యసించినది ఇచ్చటనే.

1914లో మొదటి ప్రపంచయుద్ధము ప్రారంభమయ్యెను. ఫౌలరు అప్పటికి 55 ఏండ్లు దాటినవాడు. ఆయన సైన్యమున చేరుటకై తన వయస్సును పది సంవత్సరములకంటె ఎక్కువగా తగ్గించి చెప్పెను. ఒక్క మాట అధికముగా వాడుటను సహింపనివాడు ఇంత పెద్ద అబద్ధమును ఎట్లు పలికెనో మాకు బోధపడదు. సంస్కారము విషయమున ఉద్యోగమును విడుచునంతటి పట్టుదలగలవాడు ఇచ్చట పట్టు విడిచెను. యువకులను యుద్ధమునకు పొమ్మని చెప్పి తాము ఇంట కూర్చుండుట తగదని తలచెనేమో. తమ్ముడు ఫ్రాంకును చేరెను. ఫ్రాన్సునకు పంపబడిన పిమ్మట ఈ వృద్ధసైనికునకు అధికారులు యుద్ధముఖమున చోటియ్యక పాత్రలు కడుగుట, బొగ్గు మోయుట వంటి పనులు అప్పగించిరి. పోరుటకు పంపుడు, లేదా ఇంటికి పంపుడు అని ఆయన అర్జీ పెట్టుకొనెను. 1916లో అనారోగ్యకారణమున ఇరువురును సైన్యమునుండి విడుదల పొందిరి. సైన్యములో నుండగా ఫ్రాంకునకు క్షయవ్యాధి అంటుకొనెను. దానితోనే 1918లో ఆయన మరణించెను. అప్పటికి ఆయనకు 47 ఏండ్లు.

యుద్ధమునకు ముందే అన్నదమ్ములు ఒక క్రొత్త గ్రంథమునకు ప్రణాళిక వేసికొనియుండిరి. ఇప్పుడు అన్న ఒంటరిగా దానిని వ్రాయవలసివచ్చెను. 1924లో ఇరువురి పేరిట పాకెట్ ఆక్స్‌ఫర్డు నిఘంటువు వెలువడెను. 1926లో ఆ పెద్ద గ్రంథము, ఎ డిక్షనరీ ఆఫ్ మోడరన్ ఇంగ్లీష్ యూసేజ్, వెలువడెను. దానిని ఆయన మరణించిన తమ్మునకు అంకితము చేసెను. తనకంటె తమ్ముడే చుఱుకైన బుద్ధియు, విశాలమైన మనస్సును గలవాడనియు, అతడు జీవించియున్నచో ఈ గ్రంథము మేలుగా నుండెడిదనియు అందు అంగీకరించెను.

ఈ గ్రంథము నిఘంటువువలె అక్షరక్రమమున నడచును గాని నిఘంటువు కాదు. ఒక్కొక్క మాట క్రింద చిన్న వ్యాసము, ఒక్కొక్కచోట పరిహాసము, ఒక్కొక్కచోట ఉపాధ్యాయుని విసుగు. మా తరగతికి మిక్కిలి పనికివచ్చినది బై అను ఉపసర్గ క్రింద ఆయన వ్రాసినది. బై-వీక్లీ, బై-మంత్లీ అను మాటలను ఆయన ఏవగించుకొనెను. లాటిను తలకు ఇంగ్లీషు మొండెము అతికించుట మొదటి తప్పు. రెండవ తప్పు అంతకంటె పెద్దది: బై-వీక్లీ యనగా వారమునకు రెండుమారులా, రెండు వారములకు ఒకమారా? రెండర్థములును గలవు. పక్షమునకు ఒకమారు వచ్చుదానికి ఫోర్ట్‌నైట్లీ యని, ఆఱుమాసములకు ఒకమారు వచ్చుదానికి హాఫ్-ఇయర్లీ యని ఇంగ్లీషున స్పష్టమైన మాటలుండగా ఈ సందేహపు మాట యెందుకని ఆయన ప్రశ్న. మేము బాల్యమున చదివిన ఒక పాఠశాలలో బై-మంత్లీ పరీక్షయని ప్రకటన అంటించిరి. సగము తరగతి పదునైదు దినములలో పరీక్ష యని రాత్రులు మేల్కొని చదివెను. మిగిలిన సగము రెండు నెలల గడువున్నదని గోలీలాడెను. మేము ఏ సగములో నుంటిమో ఇచ్చట చెప్పనక్కఱలేదు.

కంటిన్యువల్, కంటిన్యువస్ అను రెంటికిని ఆయన చూపిన భేదమును గూడ మా పిల్లలు మఱవరాదు. ఆగి ఆగి మరల మరల వచ్చుచు ఎప్పటికిని తెగనిది మొదటిది. నడుమ ఎచ్చటను ఆగక సాగునది రెండవది. దగ్గు కంటిన్యువల్; ఏటి ప్రవాహము కంటిన్యువస్. సరియైన మాటను ఎన్నుకొనినచో దాని ప్రక్కన అగెయిన్ అండ్ అగెయిన్ అని చేర్చవలసిన పని యుండదు. సరియైన మాట దొరకనివాడే రెండు మాటలను కూడగట్టుకొనును.

ఈ మార్గమును అనుసరించి మేము తరగతిలో ఒక పరీక్ష ఏర్పఱచుకొంటిమి. ఎన్నిమారులు జరుగునో చెప్పు మాట వాక్యములో ఎచ్చట కనబడినను దానిపై వ్రేలుంచి మూసివేసి, మిగిలిన వాక్యమును చదువవలయును. చదువరికి తెలియవలసినది ఏదైన లోపించినచో ఆ మాటను ఉంచవలయును; లోపింపనిచో కొట్టివేయవలయును. యాన్యువల్ ఫెస్టివల్ ఈజ్ హెల్డ్ ఎవ్రీ ఇయర్ అను వాక్యమున యాన్యువల్ అనినంతనే ప్రతి సంవత్సరమని తెలియుచున్నది. ఐ యూజువల్లీ యూజ్డ్ టు గో అనునప్పుడు యూజ్డ్ టు అనుటలోనే అలవాటు ఇమిడియున్నది. హి రిపీటెడ్ ఇట్ అగెయిన్ అనునప్పుడు, ఒకమారు చెప్పినదానినే మరల చెప్పినచో అగెయిన్ అనవసరము. మూడవమారు చెప్పినచో అవసరమే. హి జనరల్లీ టెండ్స్ టు బి లేట్ అను వాక్యము పెద్దల వ్రాతలలోను కనబడును. జనరల్లీ ఒకటి చాలును, లేదా టెండ్స్ ఒకటి చాలును.

ఇంతకంటె సూక్ష్మమైనది ఒకటి కలదు. మై ఫాదర్ గ్రోస్ చిల్లీస్ అని ఒక బాలుడు వ్రాసెననుకొందము. ఇందు ఆల్వేస్ లేదు, ఎవ్రీ ఇయర్ లేదు. అయినను తండ్రి వృత్తి మిరపసాగని తెలియుచున్నది. ఏలయన ఇంగ్లీషున ఆ క్రియారూపమే వాడుకను తెలుపును. దీనిని మా పిల్లలకు బోధించుట కష్టము కాదు. మన వైయాకరణులు తద్ధర్మకాలమని చెప్పినది ఇట్టిదే. మా నాయన మిరప పండించును అనునప్పుడు పండించును అను క్రియయే అలవాటును తెలుపుచున్నది గదా. ఈ సామ్యమును చూపిన దినమున తరగతిలో వెనుక బల్లవారు గూడ తలయెత్తి చూచిరి.

కాని ఫౌలరును మాటలను నఱకు కసాయివానిగా తలచుట పొరపాటు. చెప్పిన మాటనే మరల చెప్పుటకు భయపడి, దానికి బదులు వేఱువేఱు పర్యాయపదములను గ్రుచ్చువారిని ఆయన అంతకంటె కఠినముగా మందలించెను. ఒక వాక్యమున రాజు అని వ్రాసి, రెండవ వాక్యమున భూపతియనియు, మూడవదానిలో నరేంద్రుడనియు వ్రాసినచో చదువరి ముగ్గురు రాజులున్నారని భ్రమపడును. ఇట్టిదానిని ఆయన వెక్కిరించి, అవసరమైనచోట అదే మాటను నిర్భయముగా మరల వ్రాయుడని చెప్పెను. మఱియు అధికపదప్రయోగమును గూర్చిన వ్యాసమున, ప్రభావముకొఱకు బుద్ధిపూర్వకముగా మాటను పెంచినవానిని నియమముతో గాక ఫలముతో కొలువవలయుననెను. దానికి ఆయన చూపిన ఉదాహరణము కన్నులతో చూచుట, చెవులతో వినుట అను సువార్తలోని మాటలు. చూచుట కన్నులతోనే గదా! అయినను ఆ మాటలు అచ్చట నిలువదగినవి. విశ్వాసము లేనివాడైనను ఆయన ఆ వాక్యమును కొట్టివేయలేదు.

ఈ వ్యాసమును మేము ముందే చదివియున్నచో ఒక తప్పు తప్పియుండును. కొన్ని సంవత్సరముల క్రిందట మా తరగతిలోని ఒక బాలిక తన తల్లిని గూర్చి వ్రాసెను. తండ్రి కూలిపనికై గల్ఫు దేశమునకు పోయి చాలకాలమైనది. జాబు లేదు, ఫోను లేదు. ఎవ్రీ డే, ఎవ్రీ డే మై మదర్ లుక్స్ ఎట్ ద రోడ్ అని ఆ బిడ్డ వ్రాసినది. మేము అలవాటుచొప్పున రెండవ ఎవ్రీ డేను ఎఱ్ఱసిరాతో కొట్టి, అంచున పునరుక్తియని వ్రాసితిమి. దిద్దిన వ్యాసములను మరల శుద్ధప్రతి వ్రాసి చూపవలయునని మా నియమము. ఆమె శుద్ధప్రతి వ్రాసి తెచ్చెను. మేము దిద్దిన తప్పులన్నియు సవరించియున్నవి. ఆ రెండు ఎవ్రీ డేలు మాత్రము మొదటనున్నట్లే యున్నవి. ఆమె ఏమియు మాటలాడలేదు. మేమును ఏమియు మాటలాడక సరియని గుర్తు పెట్టితిమి. ఆ గుర్తు పెట్టునప్పుడు మా చేయి వణకినది. ఎవ్రీ డే డైలీ యని వ్రాసిన బాలునిది అలవాటు. ఈ బిడ్డది లెక్క. ఒక్కొక్క దినమును ఆమె చూచినది.

ఫౌలరు జీవితమున శేషించినది కొద్ది. 1925లో ఆయన భార్యతో సోమర్సెటు మండలములోని హింటన్ సెయింట్ జార్జి అను పల్లెలో స్థిరపడెను. మాటలలో పునరుక్తిని సహింపని ఈయన దినచర్యలో పునరుక్తియే యెక్కువ. గెర్న్సీలో నున్నప్పుడు ప్రతి ఉదయమును పరుగెత్తి సముద్రమున స్నానము చేసెడివాడు. 68 ఏండ్ల వయస్సున ముద్రణాలయమువారు ఇంటిపనులు తగ్గునట్లు ఒక సేవకుని పెట్టుకొనుటకు ధనమిచ్చెదమని తెలుపగా, తాను తెల్లవాఱగనే రెండు మైళ్లు పరుగెత్తి పొరుగువారి కొలనులో ఈదుచున్నాననియు, తన పనులు తాను చేసికొనుటయే తనకు ఆరోగ్యమనియు చెప్పి ఒల్లకుండెను.

1930లో జెస్సీ మరణించెను. మఱుసటి సంవత్సరము ఆయన ఆమెను గూర్చిన పద్యములను ఒక చిన్న పుస్తకముగా ప్రకటించెను. పరిమాణమున మఱింత పెద్దదియగు ఒక నిఘంటువు పని మొదలుపెట్టియుండెను గాని అది పూర్తికాలేదు. 1933వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన, 75 ఏండ్ల వయస్సున, తన ఇంటనే మరణించెను.

ఆయన గ్రంథమును 1965లో సర్ ఎర్నెస్టు గవర్సు మెలకువతో సవరించెను. 1996లో రాబర్టు బర్చ్‌ఫీల్డు చాలవఱకు తిరిగి వ్రాసెను. అది పండితులకు నచ్చెను గాని పాత గ్రంథమును ప్రేమించినవారిలో పలువురకు నచ్చలేదు. 2015లో జెరెమీ బటర్‌ఫీల్డు నాలుగవ కూర్పును వెలువరించెను. మా బల్లమీద నున్నది మొదటి కూర్పునకు పునర్ముద్రణము. అట్ట ఊడిపోయినది, బై యున్న పుట మాత్రము మాసిపోయి తేలికగా దొరకును.

ఈ చరిత్రమును వ్రాయుచు మా పత్రిక పాత సంచికలను తిరుగవేసితిమి. ముఖపత్రముపై పాఠశాల పేరునకు దిగువ యాన్యువల్ మ్యాగజైన్ అనియు, దాని దిగువ చిన్న అక్షరములతో పబ్లిష్డ్ వన్స్ ఎవ్రీ ఇయర్ అనియు ఉన్నది. 11 సంచికలకు ప్రూఫులు దిద్దినవారము మేమే. ఈ సంచికలో రెండవ పంక్తిని తీసివేయించితిమి. ముఖపత్రముపై ఆ చోట కొంత ఖాళీ కనబడినచో చదువరులు అచ్చువారి పొరపాటని తలంపకుందురు గాక.